నెల సరుకుల చీటీతోనే మొదలుపెట్టాలి: రేషన్ బియ్యం తినే ఇంట్లో పోషణను సరిదిద్దుకునే పద్ధతి

ఇంట్లో ఆడపిల్ల నీరసపడుతోందన్నా, పిల్లవాడు వయసుకు తగ్గట్టు ఎదగడం లేదన్నా మనం వాళ్ల కంచం వైపు చూసి "సరిగ్గా తినడం లేదు" అని తేల్చేస్తాం. అయితే ఆ కంచంలోకి ఏది రావచ్చో, ఏది రాదో అంతకు చాలా ముందే, నెల మొదటివారంలో రేషన్ షాపు దగ్గరా కిరాణా కొట్టు దగ్గరా నిర్ణయమైపోయి ఉంటుంది. డబ్బాలో లేని పప్పును ఎంత ప్రేమ ఉన్న తల్లి అయినా వండిపెట్టలేదు. అందుకే ఏ కూరలో ఏ విటమిన్ ఉందనే జాబితాకు ముందు, నెలకు ఇంట్లోకి ఏయే సరుకు ఎంత వస్తోంది, అది ఎవరెవరికి చేరుతోంది అన్న లెక్కను చూద్దాం.

ఈ లెక్క ఎందుకు అవసరమో ఒక్క సంఖ్య చాలు చెప్పడానికి. 2019–21 లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. 1983 లోనే కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని చూసిన ప్రాంతం ఇది. ఇప్పుడు అర్హత ఉన్న కార్డుదారులకు బియ్యం ఉచితంగానే అందుతోంది. ఆకలి తీర్చడంలో ఆ బియ్యం చేసిన మేలును తక్కువ చేయలేం. కానీ బియ్యం ఒక్కటే సమృద్ధిగా దొరికి, పప్పూ కూరా పాలూ గుడ్డూ సొంత డబ్బుతో కొనుక్కోవలసి వచ్చినప్పుడు, చేయి బిగిసిన ప్రతిసారీ ముందుగా తగ్గిపోయేవి అవే.

పాత చీటీని బయటికి తీయండి

గడిచిన రెండు నెలల పచారీ చీటీలు, పాల ఖాతా, కూరగాయలు, గుడ్లు, మాంసం కోసం పెట్టిన ఖర్చు అన్నీ ఒక కాగితం మీదికి తెచ్చుకోండి. ధరలను పక్కన పెట్టి బరువులు మాత్రమే రాయండి, ఎందుకంటే ధర పెరిగిన నెలలో ఖర్చు పెరిగినట్టు కనిపించినా ఇంట్లోకి వచ్చిన సరుకు తగ్గి ఉండవచ్చు. దాని పక్కన ఈ రెండో వరుస రాయండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 లో విడుదల చేసిన మార్గదర్శకాలు, రోజుకు 2000 కిలో కేలరీలు అవసరమైన మనిషికి 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పుదినుసులు, 400 గ్రాముల కూరగాయలూ ఆకుకూరలూ, 100 గ్రాముల పండ్లు, 35 గ్రాముల గింజలూ పల్లీల వంటివీ, 27 గ్రాముల నూనె, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు ఉండాలంటున్నాయి. మాంసాహారులు పప్పుల వాటాలో కొంత గుడ్లు, చేపలు, మాంసంతో పూరించుకోవచ్చు. నలుగురున్న ఇంటికి, ముప్ఫై రోజులకు ఈ కొలతలను పెంచితే ధాన్యాలు 30 కిలోలు, పప్పులు 10 కిలోలకు కాస్త పైన, కూరగాయలు 48 కిలోలు, పాలు 36 లీటర్లు, నూనె మూడుంపావు కిలోలు అవుతాయి.

రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా ఇళ్లలో ఒకే రకమైన తేడా బయటపడుతుంది. నేను చూసిన చీటీల్లో బియ్యం నలభై కిలోలు దాటుతుంది, కందిపప్పు రెండు మూడు కిలోల దగ్గర ఆగిపోతుంది, నూనె మాత్రం ఐదు కిలోలు ఉంటుంది. పది కిలోల పప్పు అనగానే బెదిరిపోవద్దు. మొదటి నెల పప్పును రెట్టింపు చేయండి, రెండో నెల రోజూ ఒక ఆకుకూర ఉండేలా చూడండి, మూడో నెల గుడ్లు, పాల సంగతి చూడండి. ఈ వరుసలో వెళితే ఖర్చు ఒక్కసారిగా మీద పడదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే. ఆహార భద్రతా చట్టం కింద సాధారణ కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు, తెలంగాణలో 6 కిలోల బియ్యం వస్తాయి. అంటే నలుగురికి 20 నుంచి 24 కిలోలు, నెలకు కావలసిన ధాన్యంలో ఎక్కువ భాగం ఇదే. దొడ్డు బియ్యమని వీటిని చౌకగా ఎవరికో ఇచ్చేసి, అంగట్లో సన్నబియ్యం బస్తా కొనే అలవాటు మన ఊళ్లలో చాలాకాలంగా ఉంది. అది నిబంధనలకు విరుద్ధమన్న మాట అలా ఉంచి, ఆ బస్తాకు పెట్టే సొమ్ముతో మీ ఊరి ధరల్లో ఎన్ని కిలోల పెసలు, శనగలు వస్తాయో ఒకసారి లెక్కగట్టి చూడండి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు కాబట్టి అక్కడ ఆ ఖర్చుకు కారణం లేదు. దొడ్డు బియ్యం వచ్చేచోట వాటిని దోసెల పిండికి, ఉప్మా రవ్వకు, పెసరపప్పు కలిపిన కిచిడీకి, పులిహోరకు వాడితే తేడా నోటికి తెలియదు.

బియ్యాన్ని కడిగే తీరు, వండే తీరు

బియ్యానికీ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని మన నేల మీదే తెలుసుకున్నారు. ఉత్తర సర్కారు జిల్లాలుగా పిలిచిన ఆంధ్ర తీరంలో ఒకప్పుడు బెరిబెరి స్థిరంగా ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కడం, వాపు రావడం, గుండె బలహీనపడడం దాని లక్షణాలు. ఉప్పుడు బియ్యం తినే దక్షిణాది జిల్లాల్లో ఆ జబ్బు అంతగా కనిపించకపోవడం పరిశోధకుల కంట పడింది. కారణం బి1 విటమిన్. అది గింజ పై పొరలోనూ మొలకలోనూ ఉంటుంది, పచ్చి ధాన్యాన్ని మరపట్టించి తెల్లగా పాలిష్ చేస్తే తవుడుతో పాటు వెళ్లిపోతుంది. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించి ఆరబెట్టిన తరువాత మరపడితే ఆ విటమిన్ గింజ లోపలికి చేరి చాలావరకు నిలుస్తుంది. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్య పరిశోధకుడు 1918 లో నీలగిరుల్లోని కూనూరులో బెరిబెరి మీద ప్రారంభించిన చిన్న పరిశోధన విభాగమే పెరిగి పెద్దదై, 1958 లో హైదరాబాద్‌కు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. మా అమ్మమ్మ దంపుడు బియ్యం తప్ప ముట్టేది కాదు. ఆమెకు బి1 గురించి తెలియదు గానీ, ఆ బియ్యం "బలం" అన్న మాట తెలుసు.

దీని నుంచి వంటింట్లోకి తెచ్చుకోవలసినవి మూడు. బియ్యాన్ని నీళ్లు తేటపడేదాకా నాలుగైదుసార్లు రుద్ది కడగకండి, రెండుసార్లు మెల్లగా కడిగితే చాలు. గంజి వార్చి పారబోయకుండా అత్తెసరు పెట్టండి. గంజి వార్చక తప్పని ఇంట్లో ఆ గంజిని చారులోనో, పిల్లల జావలోనో వాడండి, ఎందుకంటే నీటిలో కరిగే బి విటమిన్లు అందులోకే దిగుతాయి. ముడి బియ్యం, దంపుడు బియ్యం కొనగలిగితే మంచిదే, అయితే పై పొరలో నూనె ఉండడం వల్ల అవి తొందరగా కనరు వాసన కొడతాయి. కాబట్టి రెండు వారాలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి.

రేషన్ బియ్యంలో కొన్ని గింజలు వేరే రంగులో, కొంచెం మసకగా కనిపించి, కడిగేటప్పుడు పైకి తేలడం చూసి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవారు ఇప్పటికీ ఉన్నారు. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి యంత్రంతో గింజల ఆకారంలో ఒత్తినవి. ఇలా పోషకాలు కలిపిన బియ్యంలో నూరు కిలోలకు ఒక కిలో చొప్పున ఇవి ఉంటాయి. వాటిని ఏరకండి. అలాగని వాటిమీదే భారం వేయకండి. నిర్దేశిత ప్రమాణం ప్రకారం కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. నెలకు 5 కిలోలంటే రోజుకు 167 గ్రాములు, అందులో వచ్చే ఇనుము 5 నుంచి 7 మిల్లీగ్రాములు. స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని మన దేశపు సిఫార్సు. అంటే ఈ బియ్యం తీర్చేది ఆరో వంతు నుంచి నాలుగో వంతు మాత్రమే. తలసేమియా, సికిల్ సెల్ జబ్బులున్నవారు ఇలాంటి బియ్యం గురించి తమ డాక్టరును అడిగి తినాలి.

తెల్లబియ్యం ఎక్కువై పప్పు తక్కువైన ఇంటికి మరో ముప్పు మధుమేహం. ఒకే ఇంట్లో కోడలికి రక్తహీనత, మామగారికి షుగర్ ఉండడం వింత కాదు, రెండింటి వెనుకా ఉన్నది ఒకే చీటీ. అన్నం తగ్గించమని ఊరికే చెబితే ఎవరూ తగ్గించరు. కంచంలో ముందుగా కూర, పప్పు వడ్డించి, మిగిలిన చోట అన్నం పెడితే అదే తగ్గుతుంది.

బియ్యాన్ని మానేసి ఒక్క చిరుధాన్యానికే మారిపోవడం కూడా పరిష్కారం కాదు. తెలంగాణలో జొన్న తప్ప మరొకటి కొనలేని పేద కూలీలలో పెల్లగ్రా అనే పోషకాహార లోప జబ్బు కనిపించేది. ఎండ తగిలే మెడ మీదా చేతుల మీదా చర్మం నల్లబారి పొలుసులు లేచేది. పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960 ల్లో దీనిని ఇక్కడే అధ్యయనం చేసి, జొన్న మాంసకృత్తుల్లో ల్యూసిన్ అనే అంశం ఎక్కువ కావడంతో దీనిని ముడిపెట్టింది. జొన్న మంచి ధాన్యమే, పాలతో, పప్పుతో, కూరతో తిన్నవారికి అది కీడు చేయలేదు. కాబట్టి నెలకు 30 కిలోల ధాన్యంలో ఐదారు కిలోలు రాగులు, జొన్నలు, సజ్జలు ఉండేలా చూసుకోండి. రాగుల్లో వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, పాలు తక్కువ కొనే ఇంటికి అది పెద్ద ఆసరా.

పప్పు: కిలో మూడు రోజులకు

నలుగురికి రోజుకు 85 గ్రాముల చొప్పున 340 గ్రాములు, అంటే కిలో పప్పు మూడు రోజులకు అయిపోవాలి. త్రాసు లేకపోతే కిలో ప్యాకెట్టు తెచ్చిన రోజున ఇంట్లో గ్లాసుతో కొలిచి, ఎన్ని గ్లాసులు వచ్చాయో గోడ మీద రాసుకుంటే రోజూ తూచే పని తప్పుతుంది.

పప్పు ఎందుకు ముఖ్యమో లెక్కలో చూడండి. 55 కిలోల బరువున్న స్త్రీకి, కిలోకు 0.83 గ్రాముల చొప్పున, రోజుకు దాదాపు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 400 గ్రాముల బియ్యం తిన్నా వచ్చేది 32 గ్రాములే. అదే 250 గ్రాముల బియ్యంతో 20, పప్పుతో 18, పాలతో మరో 9 లేదా 10 గ్రాములు కలిపితే అవసరం తీరుతుంది. పైగా మాంసకృత్తుల్లోని అంశాలలో, బియ్యంలో కొరతగా ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో ఉంటుంది, అందుకే పప్పన్నం కలిసినప్పుడు రెండింటి విలువా పెరుగుతుంది. అయితే ఆ పప్పు పలచని పప్పుచారుగా మారిపోతే ఈ లెక్క నిలవదు. నలుగురికి చిన్న గ్లాసెడు కందిపప్పుతో పెద్ద గిన్నెడు పప్పుచారు కాచడం పొదుపే, కానీ అందులో పులుపు రుచి ఉన్నంతగా మాంసకృత్తులు ఉండవు.

కందిపప్పు ఖరీదైనప్పుడు చీటీలోంచి పప్పును కొట్టేయకుండా రకం మార్చండి. పెసలు, శనగలు, బొబ్బర్లు, ఉలవలు పోషణలో కందికి తీసిపోవు. ఉదయం పెసరట్టు గానీ మినప్పప్పు బాగా పోసిన ఇడ్లీ గానీ, మధ్యాహ్నం ముద్దపప్పు లేదా ఆకుకూర పప్పు, సాయంత్రం పిల్లలు బడినుంచి రాగానే గుగ్గిళ్లు, ఇలా మూడు పూటలకు పంచితే 85 గ్రాములు సులువుగా దాటుతాయి. ఉలవలు ఉడికించిన నీళ్లతో చారు కాచుకుని, ఉడికిన గింజలను పశువులకు పెట్టే ఆచారం పల్లెల్లో ఉంది. బలం ఎక్కువ ఉన్నది ఆ గింజల్లోనే, తాలింపు వేసి ఇంట్లోనే తినండి. పెసలు, శనగలను నానబెట్టి మొలకెత్తిస్తే ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా పప్పులు పెంచకూడదు.

ఆకుకూర, పులుపు, టీ

నెలకు 48 కిలోల కూరగాయలు కొనడం చాలా ఇళ్లకు అందని సంగతి. రోజూ రెండు కట్టల ఆకుకూర తప్పనిసరి చేసుకుని, మిగిలినది ఆ కాలంలో ఏది చౌకైతే అది తెచ్చుకోవడం సరైన మార్గమని నా అభిప్రాయం. 1999 లో మొదలైన రైతు బజార్లు దగ్గరలో ఉంటే అక్కడికి వెళ్లండి. మార్కెట్లో సాయంత్రం చీకటి పడే వేళకు ఆకుకూరల ధర తగ్గుతుంది. పెరడు ఉంటే ఒక మునగచెట్టు, ఒక బొప్పాయి, చివరికి కుండీలో తోటకూర అయినా వేయండి. తోటకూర, మునగాకు, పొన్నగంటికూర, మెంతికూర మార్చి మార్చి వండండి. పాలకూర, చుక్కకూరల్లో ఖనిజాలను ఒంటికి పట్టనివ్వని ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి కాల్షియం, ఇనుము కోసం వాటిమీదే ఆధారపడకండి. ఆకును తరిగిన తరువాత కడగకూడదు, కడిగిన తరువాత తరగాలి. మూతపెట్టి కొద్ది నీళ్లతో మగ్గించాలి. ఒక చెంచా నూనె ఉండాలి, లేకపోతే అందులో ఉండే, ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం సరిగ్గా ఒంటికి పట్టదు.

శాకాహారంలోని ఇనుము దానంతటది సరిగ్గా ఒంటపట్టదు, దానికి విటమిన్ సి తోడు కావాలి. తోటకూర పప్పు దించాక నిమ్మకాయ పిండండి, భోజనం చివర ఒక జామకాయ తినండి. వంద గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, ఒక్క కాయతో రోజు అవసరం తీరిపోతుంది. ఇనుప మూకుడులో పులుపు కూర వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది, అయితే వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీయాలి. ఇన్ని చేసీ, భోజనం కాగానే టీ తాగితే శ్రమంతా వృథా, ఎందుకంటే టీలోని టానిన్లు ఇనుమును కడుపులోనే కట్టిపడేస్తాయి. భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి. పొద్దున్నే పనికి వెళ్లే కూలీలు టీతోనే టిఫిన్ తినే అలవాటును మార్చడం కష్టం, కనీసం మధ్యాహ్న భోజనం దగ్గరైనా ఈ నియమం పాటించాలి.

ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములకు మించకూడదు, అంటే నలుగురికి నెలకు 600 గ్రాములు, ఆవకాయలో ఉన్నది కూడా అందులోకే వస్తుంది. పల్లీలు కొనేటప్పుడు బూజు పట్టినవీ, రంగు మారి ముడతలు పడినవీ ఏరి పారేయండి. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం, వేయించినా పూర్తిగా పోదు.

ఎవరి వాటా ఎవరికి చేరుతోంది

సరుకు ఇంట్లోకి వచ్చినంత మాత్రాన అందరికీ చేరినట్టు కాదు. మగవాళ్లూ పిల్లలూ తిన్నాక, గిన్నెలో మిగిలిన దానితో, పప్పు అయిపోతే పచ్చడితో, అదీ చాలకపోతే మజ్జిగతో సరిపెట్టుకునే స్త్రీ ఈ ఇంటికి వండిపెట్టిన స్త్రీయే. నెలనెలా రక్తం పోయేదీ, గర్భం మోసేదీ, పాలిచ్చేదీ ఆమే. ఈ అన్యాయాన్ని మాటలతో మార్చలేం, గిన్నెతో మార్చాలి. వంట దించగానే, ఎవరికీ వడ్డించకముందే, ఆమె వాటా పప్పు, కూర, గుడ్డు వేరే గిన్నెలోకి తీసి మూతపెట్టండి. కుదిరితే అందరూ ఒకేసారి కూర్చుని తినండి.

గర్భిణులు, బాలింతలకు అంగన్‌వాడీ ద్వారా వచ్చే ఆహారానికి కూడా ఇదే వర్తిస్తుంది. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద రోజుకు ఒక పూట భోజనం, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఆ గుడ్డును పెద్ద పిల్లవాడికి దాచి తెచ్చే తల్లిని తప్పుపట్టలేం, కానీ కేంద్రానికి వెళ్లి అక్కడే తినమని ఇంట్లో పెద్దవాళ్లే చెప్పాలి. ఆమె లేని గంటసేపు ఇంటి పని ఎవరో ఒకరు చూసుకోవాలి.

ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతో పాటు ముద్ద మొదలుపెట్టేటప్పుడు చారన్నం, పప్పుకట్టు పెట్టడం మనకు అలవాటు. బిడ్డ పొట్ట చిన్నది, ఆ నీళ్లతోనే నిండిపోతుంది, బలం అందదు. చెంచా నుంచి జారిపోనంత చిక్కగా పప్పన్నం మెదిపి, నెయ్యో నూనో ఒక చెంచా కలిపి, క్రమంగా మెత్తగా ఉడికిన ఆకుకూర, గుడ్డు, అరటిపండు చేర్చండి.

మూడు నెలల తరువాత

మొదలుపెట్టే ముందే ఇంట్లో స్త్రీలకూ కౌమార వయసు పిల్లలకూ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి తేదీతో రాసుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇది చేస్తారు. గర్భం లేని స్త్రీకి 12 గ్రాములు, గర్భిణికి, ఐదేళ్లలోపు పిల్లలకు 11 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత ఉన్నట్టు. అప్పటికే తక్కువగా ఉన్నవారికి తిండి ఒక్కటే చాలదు, ఇనుము మాత్రలు కావాలి. గర్భిణులకు రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు ఇస్తారు. మలం నల్లగా రావడం చూసి భయపడి మానేయకండి, అది మాత్రల వల్ల వచ్చే మామూలు మార్పే. పేగుల్లోని కొంకిపురుగులు రక్తాన్ని పీలుస్తున్నంతకాలం ఎంత తిన్నా హిమోగ్లోబిన్ పెరగదు, కాబట్టి ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడిలోనూ అంగన్‌వాడీలోనూ ఇచ్చే నులిపురుగుల మాత్రను పిల్లలకు తప్పకుండా వేయించండి. చిన్నపిల్లల బరువు నెలనెలా అంగన్‌వాడీలో తూయించండి. ఆరు నెలలు దాటి ఐదేళ్లు నిండని బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే చీటీల పని తరువాత, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మూడు నెలల చీటీలనూ పారేయకుండా పిన్ను గుచ్చి ఉంచండి. రెండోసారి పరీక్షలో హిమోగ్లోబిన్ పెరగకపోతే వాటిని వెంట తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. "బాగానే తింటోందండీ" అన్న మాట కంటే ఎన్ని కిలోల పప్పు వచ్చింది, ఎన్ని గుడ్లు వచ్చాయి, టీ ఎప్పుడు తాగుతోంది అన్న కాగితం ఆయనకు ఎక్కువ చెబుతుంది. తిండిలో లోపం లేదని దానితో తేలితే అధిక రక్తస్రావమో, బి12 లోపమో, థైరాయిడ్ సమస్యో వెతకడానికి ఆలస్యం జరగదు.